గని తెరవకముందే చట్టం: బోట్స్వానా పాలన చరిత్ర

బోట్స్వానాకు సముద్ర తీరం లేదు. దక్షిణాఫ్రికాకు ఉత్తరాన ఉన్న ఆ దేశంలో అధిక భాగం కలహారి ఇసుక నేల. విస్తీర్ణం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రెండింతలు పైనే. 1966 సెప్టెంబర్ 30న స్వాతంత్ర్యం వచ్చిన నాడు జనాభా మాత్రం ఆరు లక్షల లోపే. దేశమంతా కలిపి తారు రోడ్డు 12 కిలోమీటర్లు. డిగ్రీ చదివినవాళ్లు 22 మంది, హైస్కూలు గట్టెక్కినవాళ్లు ఓ వంద మంది. పశువే ఆస్తిగా బతికే ఆ నేల మీద 1960ల తొలి ఏళ్లలో వరుసగా కరవు పడి మందలకు మందలు చచ్చిపోయాయి. బ్రిటన్ గ్రాంటు అందకపోతే కొత్త ప్రభుత్వం ఉద్యోగులకు జీతాలు ఇవ్వలేని పరిస్థితి. చెప్పుకోదగ్గ రాజధాని కూడా లేదు. బెచువానాలాండ్ అనే పేరుతో తమ సంరక్షణలో ఉన్న ఈ ప్రాంతాన్ని బ్రిటిష్ అధికారులు దశాబ్దాల పాటు సరిహద్దు అవతల, దక్షిణాఫ్రికా గడ్డ మీది మఫెకింగ్ పట్టణం నుంచి పాలించారు. స్వాతంత్ర్యం దగ్గరపడ్డాక గాబరోన్‌లో హడావిడిగా భవనాలు కట్టి 1965లో కచేరీలను అక్కడికి తరలించారు.

ఆ తరువాతి మూడు దశాబ్దాల్లో ప్రపంచంలోకెల్లా వేగంగా ఆదాయం పెరిగిన దేశాల్లో బోట్స్వానా ఒకటి. కారణం అడిగితే చాలామంది వజ్రాలని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ జవాబు సగమే నిజం. పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు స్వాతంత్ర్యం 1961లోనే వచ్చింది. వజ్రాలూ ముందే ఉన్నాయి, ఓడరేవుంది, ఆఫ్రికాలోని పాత కళాశాలల్లో ఒకటి ఉంది. సియాకా స్టీవెన్స్ ఏలుబడిలో ఆ వజ్రాల రాబడి పాలకుడి చుట్టూ చేరినవాళ్ల జేబుల్లోకి మళ్లింది. 1991లో మొదలైన అంతర్యుద్ధం పదకొండేళ్లు సాగింది. అంగోలాలో, కాంగోలో వజ్రాలతో తుపాకులు కొన్నారు. ఒకే రాయి ఇన్ని రకాల చరిత్రలకు దారితీసిందంటే తేడా రాతిలో లేదు. ఆ రాయి ఎవరిదని ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో తేల్చారన్న దానిలో ఉంది.

స్వానా తెగల పాలనా సంప్రదాయంలో కేంద్రస్థానం ఖోట్లాది. ఊరి పెద్ద, అంటే ఖోసి, ఇంటి ముందు మొద్దులు పాతి అర్ధచంద్రాకారంగా కట్టిన ఆవరణ అది. మన రచ్చబండ లాంటిదే. తగవులు తీర్చేదీ, కొత్త కట్టుబాట్లు ప్రకటించేదీ అక్కడే. పెద్ద తన ఆలోచన బయటపెట్టేవాడు, ఊరి మగవాళ్లు ఒకరి తరువాత ఒకరు తప్పొప్పులు చెప్పేవారు, చివరికి సభ మొగ్గు ఎటుందో చూసి పెద్ద మాట ముగించేవాడు. జనం వల్లనే ఖోసి ఖోసి అయ్యాడన్నది అక్కడి సామెత. దీన్ని ప్రజాస్వామ్యమని పొగడటం అతిశయోక్తే అవుతుంది. స్త్రీలకు ఆ ఆవరణలో చోటు చాలా ఆలస్యంగా దొరికింది. తెగలో కలవని సాన్ జనం, ఇతర అధీన వర్గాలు ఎన్నడూ లెక్కలో లేరు. అయినా పాలకుడు నలుగురి ముందుకొచ్చి సంజాయిషీ చెప్పుకోవాలన్న అలవాటు శతాబ్దాలుగా వేళ్లూనుకుంది.

ఆ అలవాటును వలస పాలన చెరిపేయలేదు. అందుకు ఒక కారణం బ్రిటన్ అశ్రద్ధ, మరో కారణం ముగ్గురు పెద్దల ముందుచూపు. 1895లో బ్రిటిష్ సామ్రాజ్యవాది సెసిల్ రోడ్స్ కంపెనీ ఈ ప్రాంతాన్ని తన చేతుల్లోకి తీసుకోవడానికి సిద్ధమైంది. అప్పుడు బాంగ్వాటో తెగ పెద్ద మూడో ఖామా, బక్వేనా పెద్ద సెబెలె, బాంగ్వాకెట్సె పెద్ద బతోయెన్ ఓడెక్కి లండన్ వెళ్లారు. క్రైస్తవ మిషనరీల సాయంతో ఇంగ్లండ్ ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు. వలస వ్యవహారాల మంత్రి జోసెఫ్ చాంబర్లెన్‌ను కలిసి, కంపెనీ వద్దు, రాణి నీడే చాలన్నారు. రైలు మార్గానికి కొంత భూమి వదులుకుని, మిగతా దేశాన్ని కంపెనీ పాలవకుండా కాపాడుకున్నారు. ఆ ఏడాది చివర రోడ్స్ మనుషులు పొరుగు రాజ్యం ట్రాన్స్‌వాల్ మీద చేసిన దాడి విఫలమై కంపెనీ పరువు పోవడం కూడా వీళ్లకు కలిసొచ్చింది. ఈశాన్యాన ఉన్న రొడీషియా (నేటి జింబాబ్వే) మాత్రం కంపెనీ పాలయింది. అక్కడి నేల తెల్లవాళ్లకు దఖలు పడిన తీరు చూస్తే ఆ ఓడ ప్రయాణం విలువ ఎంతో తెలుస్తుంది.

మూడో ఖామా మనవడు సెరెట్సె ఖామా. 1921లో సెరోవెలో పుట్టాడు. తండ్రి చనిపోయేనాటికి పసివాడు కావడంతో చిన్నాన్న త్షెకెడి తెగ బాధ్యతలు చూస్తూ అతన్ని చదివించాడు. ఆక్స్‌ఫర్డ్‌లోనూ, ఆపై లండన్‌లోనూ న్యాయశాస్త్రం చదువుతున్న రోజుల్లో రూత్ విలియమ్స్ అనే ఇంగ్లిష్ యువతిని ప్రేమించి 1948 సెప్టెంబర్‌లో పెళ్లి చేసుకున్నాడు. తెల్లమ్మాయిని ఏకపక్షంగా పెళ్లాడినందుకు చిన్నాన్న మండిపడ్డాడు. సెరోవె ఖోట్లా మొదటి రెండు సభల్లో పెద్దలు సెరెట్సెకు ఎదురు నిలిచారు. 1949 జూన్‌లో జరిగిన మూడో సభకు వేల మంది వచ్చారు. రోజుల తరబడి వాదోపవాదాలు సాగాక జనం యువకుడి వైపే నిలిచారు. కోడలు ఎవరైనా ఖోసి అతనేనన్నారు.

అడ్డు లండన్ నుంచి వచ్చింది. అప్పుడే దక్షిణాఫ్రికాలో నేషనల్ పార్టీ గద్దెనెక్కి వర్ణవివక్షను చట్టంగా మారుస్తోంది. పొరుగున ఒక నల్ల పాలకుడి పక్కన తెల్ల రాణి కూర్చోవడాన్ని అది సహించలేదు. దక్షిణాఫ్రికా బంగారం, యురేనియం అవసరమైన బ్రిటన్ తలొగ్గింది. సెరెట్సె యోగ్యత మీద విచారణ జరిపిన న్యాయమూర్తి, పొరుగు దేశాల కోపం తప్ప అతనికి అడ్డేమీ లేదని రాశాడు. ప్రభుత్వం ఆ నివేదికను తొక్కిపెట్టి దంపతులను దేశం నుంచి వెళ్లగొట్టింది. బాంగ్వాటోలు మరో పెద్దను ఎన్నుకోవడానికి ససేమిరా అన్నారు. చివరికి 1956లో, తనకూ తన పిల్లలకూ ఖోసి పదవి అక్కర్లేదని రాసిచ్చాక సెరెట్సెను సొంతూరు రానిచ్చారు.

అతన్ని రాజకీయంగా అణచడానికి వేసిన ఈ ఎత్తు సరిగ్గా తలకిందులైంది. ఖోసి కుర్చీ లేని సెరెట్సె ఒక తెగ మనిషి కాకుండా పోయాడు. పుట్టుకతో వచ్చిన గౌరవం అలాగే మిగిలింది. ప్రవాసం అతనికి దేశమంతటా పేరు తెచ్చింది. 1962లో అతని నాయకత్వంలో ఏర్పడిన బెచువానాలాండ్ డెమొక్రటిక్ పార్టీ 1965 మార్చి ఎన్నికల్లో 31 స్థానాలకు 28 గెలిచింది. పార్టీని ఊరూరా నిలబెట్టినవాడు క్వెట్ మసీరే. కాన్యె ప్రాంతపు రైతు, బడిపంతులు, కొంతకాలం విలేకరి. మొదటి రోజు నుంచి ఉపాధ్యక్షుడుగా ఉంటూ ఆర్థిక శాఖ చూసింది ఇతనే. పేరు సెరెట్సెకు ఎక్కువ దక్కింది కానీ ఖజానా పుస్తకాలు మసీరే చేతిలో ఉన్నాయి. ఈ ఇద్దరిలో ఏ ఒక్కరు లేకున్నా ఆ కథ నడిచేది కాదేమో.

తొలి ఏళ్ల నిర్ణయాలు చూడటానికి చప్పగా ఉంటాయి. ఇతర కొత్త దేశాల్లో తెల్ల అధికారులను రాత్రికి రాత్రి సాగనంపి సొంతవాళ్లను కుర్చీల్లో కూర్చోబెడుతున్న కాలమది. ఇక్కడ ఆ తొందర పడలేదు. చదువుకున్నవాళ్లు తయారయ్యేదాకా బ్రిటిష్ అధికారులను ఉంచుకున్నారు. టీచర్లు, అకౌంటెంట్లు, ఇంజినీర్లను భారత్ సహా ఇతర దేశాల నుంచి తెచ్చుకున్నారు. దీనికి ప్రతిపక్షం నుంచి తిట్లు పడ్డాయి. పొదుపు విషయంలో ఆర్థిక శాఖ మహా మొండి. ప్రణాళికలో లేని పనికి డబ్బు విడుదల చేయడమన్నది ఉండేది కాదు. సైన్యమే లేదు. 1977లో రొడీషియా యుద్ధం సరిహద్దు దాటి వస్తున్నప్పుడు గానీ సైన్యాన్ని ఏర్పాటు చేయలేదు. అప్పటిదాకా పోలీసులతోనే నెట్టుకొచ్చారు. ఆ దశాబ్దంలో ఆఫ్రికా అంతటా జరిగిన సైనిక తిరుగుబాట్లు తలచుకుంటే ఆ పదకొండేళ్ల ఆలస్యం దేశానికి మేలే చేసిందనిపిస్తుంది. 1969లో ప్రభుత్వం దక్షిణాఫ్రికాతో కస్టమ్స్ ఒప్పందాన్ని తిరగరాయించి, తన వాటా ఆదాయాన్ని గణనీయంగా పెంచుకుంది. 1972-73 నాటికి బ్రిటన్ గ్రాంటు అవసరం తీరిపోయింది. అప్పటికి వజ్రాల గని రాబడి ఇంకా లెక్కలోకి సరిగా రాలేదు.

వీటన్నిటికంటే దూరం వెళ్లిన నిర్ణయం 1967 నాటి గనులు, ఖనిజాల చట్టం. అంతవరకు తెగ నేల కింద ఏముందో అది ఆ తెగదే. ఖనిజ హక్కులను దేశానికి అప్పగించాలన్న ప్రతిపాదనను సెరెట్సె పార్టీ స్వాతంత్ర్యానికి ముందునుంచే వినిపిస్తోంది. ఒక్కొక్క తెగ పెద్దతో, తెగ మండలితో మాట్లాడి ఒప్పించి ఆ హక్కును ప్రభుత్వానికి బదలాయించారు. ఇందులో అందరికంటే ఎక్కువ వదులుకున్నది బాంగ్వాటోలు, అంటే దేశాధ్యక్షుడి సొంత తెగ. ఎందుకంటే అదే ఏడాది వజ్రాల కంపెనీ డి బీర్స్ భూగర్భ నిపుణులు ఒరాపా వద్ద కనుగొన్న భారీ కింబర్లైట్ గొట్టం, అంటే వజ్రాలు దాగిన రాతి స్తంభం, వాళ్ల నేలలోనే ఉంది.

ఆ అన్వేషణ కథ కొంచెం ఆగి చెప్పుకోదగ్గది. 1950ల చివర్లో మొట్లౌట్సె అనే ఎండు నది ఇసుకలో మూడు నాలుగు చిన్న వజ్రాలు దొరికాయి. నది పుట్టిన చోటు దాకా వెతికినా మూలం కనిపించలేదు. గావిన్ లామంట్ నడిపిన బృందానికి ఒక పాత సిద్ధాంతం గుర్తొచ్చింది. లక్షల ఏళ్ల కిందట భూమి ఉబికి, నదుల ఎగువ భాగం తెగిపోయి, నీళ్లు మరో దిక్కుకు మళ్లి ఉంటాయన్నది దాని సారం. అంటే ఇప్పుడు నది మొదలయ్యే చోటికి ఆవల, పడమటి వైపు వెతకాలి. అలా వెతుకుతూ ఒరాపా చేరారు. గని 1971లో తెరుచుకుంది. తవ్వకం మొదలయ్యేనాటికే ఆ రాయి ఎవరిదన్న తగవు చట్టంలో తీరిపోయి ఉంది. మధ్యవర్తులు, తెగ పెద్దలు, ప్రాంతీయ నాయకులు రాబడి మీద విడివిడిగా దావా వేసుకునే దారి మూసుకుపోయింది.

మన దగ్గర, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో పదిహేడో శతాబ్దంలో వేల మంది కూలీలు పనిచేశారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాశాడు. ఆ గనులను కుతుబ్ షాహీ పాలకులు గుత్తకిచ్చేవారు. మేలైన రాళ్లు ఖజానాకు చేరేవి. ఊరికి మిగిలింది గోతులు. గని ఉండటానికీ, గని వల్ల ఆ చుట్టుపక్కల బడి, ఆసుపత్రి రావడానికీ మధ్య దూరం ఎంతో తెలుగు నేలకు తెలియనిది కాదు.

డి బీర్స్‌తో మొదట కుదిరిన ఒప్పందంలో ప్రభుత్వ వాటా 15 శాతమే. ఒరాపా ఎంత పెద్దదో తేలాక, పక్కనే లెట్లాకానె గనికి అనుమతి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వం మళ్లీ బేరానికి కూర్చుంది. 1975 నాటికి వాటా 50 శాతమైంది. కంపెనీని జాతీయం చేయలేదు, తరిమేయలేదు. మంచి న్యాయవాదులను, లెక్కల నిపుణులను పెట్టుకుని మాట్లాడింది. డెబ్స్వానా పేరుతో స్థిరపడిన ఆ ఉమ్మడి కంపెనీ లాభంలో పన్ను, రాయల్టీ, డివిడెండ్ కలిపి ఐదింట నాలుగు వంతులు ప్రభుత్వానికే చేరేదని సాధారణంగా చెప్పే లెక్క. 1982లో బాంగ్వాకెట్సె నేలలో జ్వానెంగ్ గని తెరుచుకుంది. విలువ లెక్కన అది ప్రపంచంలోనే అత్యంత సంపన్నమైన వజ్రాల గని. ఖనిజ హక్కులు తెగల దగ్గరే ఉండి ఉంటే ఈసారి బాంగ్వాటోలు, బాంగ్వాకెట్సెలు ఏం చేసేవారో ఊహించడం కష్టం కాదు.

ఈ ముందడుగులో చేదు కూడా ఉంది. సెలెబి-ఫిక్వెలో రాగి, నికెల్ గని మీద ప్రభుత్వం ఎన్నో ఆశలు పెట్టుకుంది. రైలు, కరెంటు, నీళ్లు అప్పు తెచ్చి మరీ కల్పించింది. 1970ల్లో మొదలైన ఆ గని ఎప్పుడూ సరిగా లాభం చూపలేదు. 2016లో మూతపడినప్పుడు సుమారు ఐదు వేల మంది వీధిన పడ్డారు, పట్టణం వెలవెలబోయింది.

వజ్రాల డబ్బు రోడ్లు, బడులు, ఆసుపత్రులు, బోరుబావులుగా మారింది. కొంత విదేశీ మారక నిల్వగా దాచారు. 1981లో వజ్రాల మార్కెట్ కుప్పకూలి నెలల తరబడి సరుకు అమ్ముడుపోలేదు. ఖర్చు తగ్గించుకుని, రాళ్లను గోదాములో పెట్టి గండం గడిపారు. దాచిన ఆ సరుకును 1987లో డి బీర్స్‌కు అమ్మి, ప్రతిఫలంగా ఆ కంపెనీలోనే కొంత వాటా సంపాదించారు. 1982 నుంచి 1987 దాకా కరవు మళ్లీ విరుచుకుపడింది. పనికి డబ్బు, బడిలో పిల్లలకు అన్నం, పసిబిడ్డల బరువు చూసే కేంద్రాలు నడిపి ఆకలి చావులు రాకుండా చూశారు. అమర్త్య సేన్, జాన్ ద్రేజ్ 1989 నాటి తమ గ్రంథంలో ఈ అనుభవాన్ని ప్రత్యేకంగా చర్చించారు. ఎన్నికలు, పత్రికలు, ప్రతిపక్షం ఉన్నచోట కరవు దాచిపెట్టడం సాధ్యం కాదన్న వాదనకు బోట్స్వానా మంచి ఉదాహరణ.

తెగ పెద్దల అధికారాన్ని కూడా ఇదే కాలంలో మెల్లగా తగ్గించారు. వాళ్లకు సలహా సభ ఇచ్చారు, జీతాలిచ్చారు, ఖోట్లాలను ఉంచారు. భూమి పంచే హక్కును మాత్రం 1968 నాటి చట్టంతో ల్యాండ్ బోర్డులకు మార్చారు. బాంగ్వాకెట్సె పెద్ద రెండో బతోయెన్‌కు ఇది కంటగింపైంది. 1969లో పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షంలో చేరి, కాన్యెలో సాక్షాత్తు ఉపాధ్యక్షుడు మసీరేనే ఓడించాడు. మసీరే ప్రత్యేక నియామక సభ్యుడిగా పార్లమెంటుకు తిరిగొచ్చి అదే శాఖ చూశాడు. ఓడించినవాడి మీద కక్ష సాధింపు కేసులు లేవు. కొత్త రాజ్యాంగం మూడేళ్ల వయసులోనే ఎదుర్కొన్న అసలు పరీక్ష ఇది. చుట్టూ తెల్ల ప్రభుత్వాలున్న ఆ దేశానికి బయటి పరీక్షలూ తక్కువ కాలేదు. 1985 జూన్ 14న దక్షిణాఫ్రికా కమాండోలు గాబరోన్‌లో రాత్రి దాడి చేసి పన్నెండు మందిని చంపారు.

ఈ పాలన అందరికీ సమానంగా మేలు చేయలేదు. నాయకుల్లో చాలామంది పెద్ద మందల యజమానులు. పశుపోషణకు ఇచ్చిన రుణాలు, బోర్లు, 1975లో మొదలైన కంచె మేతభూముల విధానం పెద్ద మందలున్నవాళ్లకే కలిసొచ్చాయి. ఆదాయ అసమానతలో ఆ దేశం నేటికీ ప్రపంచపు తొలి వరసల్లోనే ఉంది. 1990ల మొదట్లో రాజధాని చుట్టుపక్కల స్థలాల కేటాయింపులో అక్రమాలను విచారణ కమిషన్ బయటపెట్టింది. ఉపాధ్యక్షుడు పీటర్ ముసి 1992లో రాజీనామా చేశాడు. 1994లో అవినీతి నిరోధక సంస్థ ఏర్పడింది. అధ్యక్షుడికి రెండు పదవీకాలాల పరిమితి 1997లో వచ్చింది. సెరెట్సె 1980లో మరణించాక అధ్యక్షుడైన మసీరే, ఈ పరిమితి వచ్చిన మరుసటి ఏడాదే స్వచ్ఛందంగా తప్పుకున్నాడు.

అన్నిటికంటే పెద్ద మచ్చ సాన్ జనం విషయంలోది. వాళ్లు తరతరాలుగా తిరిగిన మధ్య కలహారి అభయారణ్యం నుంచి 1997లో, మళ్లీ 2002లో వాళ్లను ఖాళీ చేయించారు. నీటి బోర్లు కూడా మూసేశారు. 2006లో హైకోర్టు ఆ తొలగింపు చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. బోరు నీటి హక్కు కోసం మరోసారి కోర్టుకెక్కి 2011లో గెలవాల్సి వచ్చింది. ఖోట్లాలో చోటు లేనివాళ్లకు కోర్టులో చోటు దొరికిందని సంతోషించాలో, అంతదాకా వెళ్లాల్సి వచ్చినందుకు విచారించాలో తెలియదు.

ఎయిడ్స్ ఈ దేశాన్ని దాదాపు కూల్చేసినంత పనిచేసింది. శతాబ్దం మారేనాటికి గర్భిణుల్లో మూడో వంతుకు పైగా వైరస్ సోకి ఉంది. దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చిన ఆయుర్దాయం పడిపోయింది. మసీరే తరువాత అధ్యక్షుడైన ఫెస్టస్ మొగాయె ఈ సంగతిని దాచలేదు, పొరుగున దక్షిణాఫ్రికా అధ్యక్షుడిలా శాస్త్రాన్ని శంకించలేదు. జాతి అంతరించిపోయే ప్రమాదం ఉందని బహిరంగంగా హెచ్చరించి, 2002లో ఆఫ్రికాలోనే మొదటిసారిగా ప్రభుత్వ ఖర్చుతో అందరికీ మందులిచ్చే పథకం మొదలుపెట్టాడు. వజ్రాల డబ్బు నిల్వ లేకుంటే ఆ ఖర్చు భరించగలిగేది కాదు.

వజ్రాల మీద ఆధారపడటం మాత్రం తగ్గలేదు. సానపట్టే పరిశ్రమను గాబరోన్‌కు తేవాలని ప్రయత్నించారు. 2013లో డి బీర్స్ తన ముడి వజ్రాల అమ్మకాలను లండన్ నుంచి అక్కడికి మార్చింది. అయినా ప్రపంచంలో వజ్రాలను ఎక్కువగా కోసేదీ, సానపట్టేదీ సూరత్‌లోనే. ప్రయోగశాలలో తయారయ్యే చవక వజ్రాలు 2020ల్లో మార్కెట్‌ను ముంచెత్తాయి. ముడి వజ్రాల గిరాకీ 2023 నుంచి పడిపోయి ఖజానా బిగుసుకుంది. చదువుకున్న యువతకు ఉద్యోగాలు లేవు. సెరెట్సె కుమారుడు, మాజీ అధ్యక్షుడు ఇయాన్ ఖామా తన వారసుడు మొక్వీట్సి మసీసితో తగవుపడి పార్టీ వదిలాడు.

2024 అక్టోబర్ 30 ఎన్నికల్లో 58 ఏళ్లుగా ఏలిన పార్టీకి పార్లమెంటులో నాలుగు స్థానాలు మిగిలాయి. మసీసి ఓటమిని వెంటనే ఒప్పుకున్నాడు. నవంబర్ 1న న్యాయవాది డూమా బోకో అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. ఏళ్ల తరబడి సాగిన డి బీర్స్ బేరం 2025 ఫిబ్రవరిలో ఈ కొత్త ప్రభుత్వం సంతకంతో ముగిసింది. దాని ప్రకారం డెబ్స్వానా ఉత్పత్తిలో ప్రభుత్వ కంపెనీ నేరుగా అమ్ముకునే వాటా మొదటి ఐదేళ్లు 30 శాతం, ఆపై 40 శాతం. గనుల లైసెన్సులు 2054 దాకా పొడిగించారు.